జేబులో పట్టేదా, కంటికి ఆనేదా?

"వార్షికోత్సవ సంచికకి మీరు కూడా ఏదో ఒకటి రాయాలన్నా" అని సంపాదక వర్గం తమ్ముళ్లు వచ్చి అడిగినప్పుడు మేము మొదట తప్పించుకుందామనే చూశాం. కవితలు రాసేవాళ్లు రాస్తారు, అధికారుల సందేశాలు ఉండనే ఉంటాయి, మధ్యలో మాకేం పని అనుకున్నాం. ఇంతలో వాళ్లలో ఒకడు "ఎన్ని పేజీలన్నా?" అంటూ జేబులోంచి ఫోను తీసి అందులో రాసుకున్నాడు. ఆ ఫోను వాడి అరచెయ్యి కంటే పొడుగుంది. రాసుకుని మళ్లీ జేబులో పడేసుకున్నాడు. ఇదంతా జరిగింది వార్డెన్ గారి గది గుమ్మం ముందే. అప్పుడు మాకు రాయాల్సిన సంగతి దొరికింది.

మేము అంటే 6వ నంబరు గది. 2017 నుంచి 2019 వరకు ఈ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివిన నలుగురం. అసలు పేర్లు రాస్తే ఊరుకోమన్నారు కాబట్టి హాస్టల్ పేర్లే రాస్తున్నాం: పొడుగోడు, లెక్కలోడు, పాటలోడు, చిన్నోడు. ఈ వ్యాసం రాస్తున్న చెయ్యి ఒకటే, ఇరవై మూడేళ్లది, ప్రస్తుతం ఎంసీఏ చదువుతోంది. చెప్పే నోళ్లు మాత్రం నాలుగు. నలుగురివీ మార్కాపురం చుట్టుపక్కల ఊళ్లే. మా నాన్నల్లో ఇద్దరు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాళ్లు. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు అక్కడివే. కోసిన చేతులకి మాత్రం సంతకం రాదు. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అనే కాగితం ఎలా ఉంటుందో మొదట చూసింది మేమే. మాకు ముందు చూసినవాళ్లు లేరు కాబట్టి ఏ ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఏ తేదీ ఎప్పుడు దాటిపోతుందో ఇంట్లో చెప్పేవాళ్లూ లేరు. ఫోను కథంతా అక్కడి నుంచే మొదలు.

మా కాలానికి ఫారాలన్నీ కాగితం మీది నుంచి వెబ్‌సైట్లలోకి వెళ్లిపోయాయి. ఉపకార వేతనం రెన్యువల్, హాల్ టికెట్, మార్కుల మెమో, ప్రవేశ పరీక్ష దరఖాస్తు, అన్నీ అక్కడే. నెట్ సెంటరుకు హాస్టల్ నుంచి రెండు కిలోమీటర్లు. అక్కడ ప్రింటుకి 10 రూపాయలు, ఫారం నింపితే 50, ప్రవేశ పరీక్షలాంటి పెద్ద పనైతే 100. వెళ్లిన రోజు కరెంటు ఉండాలి, కరెంటు ఉంటే సర్వర్ ఉండాలి, సర్వర్ ఉంటే మన ముందు ఇరవై మంది ఉండకూడదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో మేము నలుగురం నెట్ సెంటరుకి ఇచ్చిన డబ్బు లెక్కలోడు ఒక నోటు పుస్తకం చివరి పేజీలో రాశాడు. మొత్తం 1,140 రూపాయలు. ఆ పేజీ మాకు చూపించి, "ఏందిరా ఇది, ఈ డబ్బుతో ఒక ఫోనే వస్తది గదరా" అన్నాడు. వాడు అన్నదాకా మాకు ఆ ఆలోచనే లేదు.

2018 చివర్లో వార్షికోత్సవానికి వచ్చిన ఒక సీనియర్ అన్న మా గదిలో కూర్చుని మాట్లాడాడు. 2008 బ్యాచి. బ్యాంకులో ఉద్యోగం. ఒకప్పుడు ఆయన మంచం కూడా ఇదే గదిలో, కిటికీ పక్కన. మా నెట్ సెంటర్ గోడు విని నవ్వి, బ్యాగులోంచి ఒక ఫోను తీసి ఇచ్చాడు. నోకియా ఈ-63. "నేను 2011లో సెకండ్ హ్యాండుకి కొన్నా తమ్ముడూ. బ్యాంకు పరీక్షలకి సగం దీంట్లోనే చదివా. ఊరికే పడి ఉంది, మీరు వాడుకోండి" అన్నాడు.

ఇప్పటి తమ్ముళ్లకి ఆ ఫోను ఎలా ఉంటుందో చెప్పాలి. వెడల్పుగా, బిస్కెట్ ప్యాకెట్టులా ఉంటుంది. పైన 2.36 అంగుళాల చిన్న తెర, కింద టైపు మిషను మీద ఉన్నట్టు అక్షరాల బటన్లన్నీ ఉంటాయి. బరువు 126 గ్రాములు. 2008లో మార్కెట్లోకి వచ్చింది. స్పేస్ బటన్ నొక్కి పట్టుకుంటే టార్చి వెలుగుతుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు బాత్రూం దాకా మొత్తం వరండాని నడిపించిన లైటు అది. చార్జింగ్ ఒకసారి పెడితే మూడు రోజులు అటువైపు చూడక్కర్లేదు. నూట ఇరవై మందికి నాలుగు ప్లగ్గులున్న చోట అది ఎంత పెద్ద గుణమో హాస్టల్లో ఉన్నవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్న అందులో ఒపెరా మినీ అనే బ్రౌజర్ తెరిచి ఒక తెలుగు పేజీ చూపించాడు. ఆ ఫోనుకి తెలుగు అక్షరాలు రావు. అయినా తెలుగు కనిపిస్తోంది. ఎలాగన్నా అంటే ఒక సెట్టింగ్ చూపించాడు. దాన్ని ఆన్ చేస్తే దూరంగా ఉన్న ఒపెరా సర్వరే పేజీని తెరిచి, కుదించి, మన అక్షరాల్ని చిన్న చిన్న బొమ్మలుగా మార్చి ఫోనుకి పంపుతుందట. ఫోను చేసేది ఆ బొమ్మలు పేర్చి చూపించడమే. మామూలుగా వచ్చే దాంట్లో పదో వంతు డేటాతో పని జరిగిపోతుంది. "మా రోజుల్లో జీపీఆర్ఎస్ మీద ఇంటర్ ఫలితాలు ఇట్టాగే చూశాం. ముందు మొత్తం డబ్బాలు డబ్బాలుగా వచ్చేది. ఈ సెట్టింగ్ ఎవడో కనిపెట్టి చెప్పాడు, ఆ రోజు హాస్టల్ హాస్టలంతా పండగే" అన్నాడు అన్న.

అంతా బాగానే ఉంది గానీ రెండో రోజే మాకు తత్వం బోధపడింది. ఆ ఫోనులో వార్తలు చదవొచ్చు, తెలుగు వికీపీడియా చదవొచ్చు, ఫారం మాత్రం నింపలేం. ఉపకార వేతనం పేజీ తెరవబోతే సురక్షిత కనెక్షన్ కుదరలేదని ఏదో ఇంగ్లీషులో చెప్పి ఆగిపోయింది. ఇది ఫోను తప్పు కాదు. అది తయారయ్యాక పదేళ్లలో వెబ్‌సైట్లు తమ తాళాలు మార్చుకున్నాయి. పాత ఫోనుకి కొత్త తాళం తెలీదు. జిల్లా, మండలం, కాలేజీ ఒకదాని తర్వాత ఒకటి జాబితాలో ఎంచుకునే ఫారాలు ఒపెరా మినీకి కూడా లొంగలేదు. వాట్సప్ అయితే ఆ రకం నోకియా ఫోన్లకి 2017 జూన్‌తోనే ఆగిపోయింది. అలా ఈ-63 మా గదికి టార్చిగా, అలారంగా, వార్తాపత్రికగా స్థిరపడింది.

ఇక కొనక తప్పదని తేలింది. 2019 సంక్రాంతి సెలవులకి నలుగురం గుంటూరు వైపు మిరప కోతలకి వెళ్లాం. మాకిది కొత్త కాదు, ఇంట్లో వాళ్లు ఏటా వెళ్లేదే. ఎనిమిది రోజులు కోశాం, రోజుకి 200. చేతులు మండుతుంటే రాత్రిళ్లు మజ్జిగలో ముంచుకుని పడుకున్నాం. ఇంట్లో సగం ఇచ్చి మనిషికి 800 చొప్పున మొత్తం 3,200 రూపాయలతో హాస్టల్‌కి తిరిగొచ్చాం. లెక్కలోడు ఆ డబ్బుని ట్రంకు పెట్టెలో రసాయన శాస్త్రం రికార్డు మధ్యలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

బస్టాండు దగ్గర సెకండ్ హ్యాండు ఫోన్ల దుకాణం ఉండేది. ఆ భాయ్ మాకు రెండు చూపించాడు. రెండూ 4జీ సిమ్ తీసుకునేవే, రెండూ ఆండ్రాయిడే. మొదటిది 4 అంగుళాల తెర ఉన్న బుల్లి ఫోను, 1,800. రెండోది 7 అంగుళాల ట్యాబు, ఒక మూల గీత పడింది గాబట్టి 3,200.

ఇప్పుడు చదివితే ఇదో సమస్యా అనిపిస్తుంది. కానీ మిత్రులారా, ఈ సమస్య ఒక్క 6వ నంబరు గదిది కాదు. ఎంసీఏలో చేరాక ఫోన్ల చరిత్ర చదువుతుంటే మాకు నవ్వొచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలు ఇరవై ఏళ్లు ఇదే తగువు పడ్డాయి. 1996లో నోకియా 9000 కమ్యూనికేటర్ అని ఒకటి తెచ్చింది. పుస్తకంలా తెరిస్తే లోపల పొడవాటి తెర, కీబోర్డు. ఈమెయిల్, ఇంటర్నెట్ అన్నీ ఉండేవి. బరువు 397 గ్రాములు. అంటే జేబులో దాదాపు అర కిలో వంకాయలు వేసుకుని తిరిగినట్టే. బరువు తగ్గిద్దామంటే తెర తగ్గాలి, తెర తగ్గితే వెబ్ పేజీ పట్టదు. పేజీ పట్టదు గాబట్టి ఫోన్ల కోసం వేరే బక్క పేజీలు తయారుచేశారు, వ్యాప్ అన్నారు. వాటిలో నాలుగు లైన్లు, నాలుగు లింకులు తప్ప ఏమీ ఉండేది కాదు. 2007లో ఐఫోన్ వచ్చి బటన్లు పీకేసి ముందువైపంతా 3.5 అంగుళాల తెర పెట్టింది. కంప్యూటర్లో కనిపించే పేజీనే మొత్తంగా చూపించి, కావలసిన చోట రెండుసార్లు తడితే అది పెద్దదయ్యేలా చేసింది. బటన్లు కావాలన్నవాళ్లు ఈ-63 లాంటివి కొన్నారు, తెర కావాలన్నవాళ్లు ఇటు వచ్చారు. 2011లో శామ్‌సంగ్ 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ తెస్తే, ఇంత పెద్దది చెవి దగ్గర పెట్టుకుంటే జనం నవ్వరా అన్నారు. ఇప్పుడు అంతకంటే చిన్నది కొందామన్నా దొరకడం కష్టం.

వాళ్లకీ మాకూ ఒకటే తేడా. వాళ్లకి జేబు అంటే సౌకర్యం. మాకు జేబు అంటే దాచుకునే చోటు. ఇంటర్ పిల్లల దగ్గర ఫోను కనిపిస్తే వార్డెన్ గారు తీసుకుని బీరువాలో పెట్టేవారు. తల్లిదండ్రులు వచ్చి సంతకం పెడితేనే తిరిగి ఇచ్చేది. మా తల్లిదండ్రులు రావాలంటే ఒక రోజు కూలి పోవాలి, సంతకం పెట్టాలంటే వేలిముద్ర పడాలి. ఆ అవమానం ఇంట్లో వాళ్లకి తేకూడదని మా భయం. సార్‌ని తప్పు పట్టడం లేదు. నూట ఇరవై మంది కుర్రాళ్లని చదివించాల్సిన బాధ్యత ఆయనది.

దుకాణం ముందు అరగంట వాదులాడుకున్నాం. భాయ్ తన నెట్ ఇచ్చి రెండింట్లోనూ మోడల్ పేపరు పీడీఎఫ్ తెరిచి చూపించాడు. బుల్లి ఫోనులో ఒక్క లైను చదవాలంటే ఎడమ నుంచి కుడికి రెండుసార్లు జరపాలి, మళ్లీ వెనక్కి రావాలి. ట్యాబులో పేజీ మొత్తం, ప్రశ్నలు, మార్కులతో సహా కాగితంలా కనిపించింది. చిన్నోడు ట్యాబుని వదల్లేదు. వాడికి చూపు తక్కువ. కళ్లద్దాలు రాయించుకోమని కంటి శిబిరంలో చీటీ ఇచ్చారు, ఆ చీటీ ఏడాదిగా వాడి పెట్టెలోనే ఉంది.

"ఇదే తీసుకుందాం రా" అన్నాడు.

"ఎక్కడ పెడతావురా దీన్ని? పళ్లెమంత ఉంది" అన్నాడు పొడుగోడు.

"పరుపు కింద."

"పరుపు దులిపితే?"

"మనం చూడ్డానికి కొంటున్నామా, దాచడానికి కొంటున్నామా?" అని అడిగాడు చిన్నోడు.

దానికి మా దగ్గర సమాధానం లేదు. చేతులెత్తమన్నాం. బుల్లి ఫోనుకి మూడు చేతులు లేచాయి. చిన్నోడు ట్యాబుని భాయ్ చేతికి ఇచ్చి, వెనక్కి తిరిగి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు. మిగిలిన డబ్బులో 399 పెట్టి 84 రోజులకి రీఛార్జి చేయించాం, 150 కవరుకీ గాజుకీ అయ్యాయి. తక్కిన దాంట్లో తలా రెండు పరోటాలు తిన్నాం. చిన్నోడు ఒక్కటే తిన్నాడు.

ఫోను చేసిన మేలు చెప్పకపోతే పాపం. వంతుల పట్టిక లెక్కలోడు అట్టముక్క మీద రాశాడు. పగలు ఎవరికీ లేదు, రాత్రి మనిషికి ముప్పావుగంట, ఆదివారం పాటలోడికి అరగంట అదనం, ఎందుకంటే వాడు పాటలు విని మళ్లీ మా అందరికీ పాడి వినిపించేవాడు, డేటా కలిసొచ్చేది. దాచే చోట్లు ఏడు. టేబుల్ ఫ్యాను వెనక మూతలో, బియ్యం డబ్బాలో, కాళ్లు మడిచిన ప్యాంటు అంచులో, ఇంకా నాలుగు. ఆ నాలుగూ రాయం, ఇప్పటి తమ్ముళ్లకి వేరే వస్తువులకి పనికొస్తాయేమో. పలకంత ట్యాబు వీటిలో ఒక్కచోట కూడా పట్టేది కాదు. భౌతిక శాస్త్రంలో మాకు అర్థం కాని పాఠాలు యూట్యూబులో దుప్పటి కింద చూశాం. హాల్ టికెట్లు మేమే దించుకున్నాం. ఉపకార వేతనం దరఖాస్తు ఎక్కడి దాకా వచ్చిందో చూసుకోవడానికి రెండు కిలోమీటర్లు నడవక్కర్లేకపోయింది. ఆ ఏడాది నెట్ సెంటరు పేజీలో లెక్కలోడు రాసింది 90 రూపాయలు మాత్రమే.

మేము వదిలేసిన ట్యాబుని 9వ గది వాళ్లు కొన్నారు. రాత్రి పది తర్వాత ఆ గదిలో పది తలకాయలు ఒక వెలుతురు చుట్టూ చేరేవి. మా బుల్లి తెర ముందు ఇద్దరికి మించి పట్టరు, మూడోవాడికి చెవులే. మూడు వారాలు తిరక్కుండానే కిటికీలోంచి ఆ వెలుతురు వార్డెన్ గారికి కనిపించింది. ట్యాబు బీరువాలోకి వెళ్లి పరీక్షలయ్యాక బయటికొచ్చింది. అప్పుడు మేము చిన్నోడి వంక చూసి నవ్వాం. మా మాటే నెగ్గిందని. ఆ నవ్వు మాకు ఇప్పటికీ గుర్తుంది.

2019 వేసవిలో పరీక్షలయ్యాయి, హాస్టల్ ఖాళీ చేశాం. ఫోను మనిషికి కొన్ని రోజుల చొప్పున తిప్పుకోవాలని ఒప్పందం. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో నలుగురిలోనూ మంచి ర్యాంకు చిన్నోడిదే. వాళ్ల నాన్న హైదరాబాదులో తాపీ పనికి వెళ్తే వాడూ వెంట వెళ్లి ఇసుక జల్లించాడు. కౌన్సెలింగ్ వాడికే ఉంది కాబట్టి ఫోను కూడా వాడికే ఇచ్చాం. అంతవరకు మేము న్యాయంగానే ఉన్నాం.

వెబ్ ఆప్షన్లు అంటే ఏమిటో తెలియని ఇళ్ల కోసం చెప్తున్నాం. ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో వరుసగా నంబర్లు ఇచ్చుకుంటూ పోవాలి. తెర మీద పెద్ద పట్టిక వస్తుంది. కాలేజీలు నిలువునా, కోర్సులు అడ్డంగా, మధ్యలో ఖాళీ గళ్లు. కంప్యూటరులో అయితే ఒక్క చూపులో కనిపిస్తుంది. 4 అంగుళాల తెరలో ఒకసారికి మూడు గళ్లు. గడి మీద తడితే కీబోర్డు లేచి సగం తెర మూసేస్తుంది. అప్పుడు ఏ కాలేజీ వరుసలో ఉన్నామో కనిపించదు. కీబోర్డు దించి, చూసుకుని, మళ్లీ తట్టాలి. సేవ్ బటన్ పట్టిక చివర కుడి మూలన. అక్కడికి చేరాలంటే తెరని జరుపుకుంటూ జరుపుకుంటూ పోవాలి. కొంతసేపు ఏమీ చెయ్యకపోతే సైటు బయటికి నెట్టేస్తుంది.

చిన్నోడు 42 ఆప్షన్లు కాగితం మీద రాసుకున్నాడు. పనంతా అయ్యాక రాత్రి, కట్టే బిల్డింగులో, సిమెంటు బస్తాల మీద కూర్చుని నింపడం మొదలుపెట్టాడు. అది ఆఖరి రోజు. మధ్యాహ్నమే నెట్ సెంటరుకి వెళ్దామనుకున్నాడట, జేబులో 60 రూపాయలున్నాయట, వాళ్లు 100 అన్నారట. ఎట్లాగూ ఫోను ఉంది కదా అని తిరిగొచ్చేశాడు. మొదట తొమ్మిది నింపి సేవ్ నొక్కాడు. మిగతావి నింపాడు. చివర్లో మళ్లీ నొక్కాననే అనుకున్నాడు. నొక్కింది దాన్నో, పక్కదాన్నో వాడికీ తెలీదు, కళ్లద్దాలు లేవు, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పేజీ బయటికి నెట్టింది. అయిపోయింది కాబోలు అనుకుని పడుకున్నాడు.

పొద్దున చూస్తే తొమ్మిదే ఉన్నాయి. గడువు దాటిపోయింది. ఆ తొమ్మిదీ వాడు ఆశగా పైన రాసుకున్న పెద్ద కాలేజీలు. మొదటి విడతలో ఎక్కడా సీటు రాలేదు. రెండో విడతలో ఎక్కడో దూరాన వచ్చింది. ఫీజు ప్రభుత్వం కట్టినా ఉండటానికి, తినడానికి, బస్సుకి ఇంట్లో లేదు. వెళ్లలేదు. ఆగస్టులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఫారం తీసుకుని మా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఫోను తీసి లెక్కలోడి చేతిలో పెట్టి, "నా వంతు అయిపోయింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత చాలాసార్లు మేము ముగ్గురం లెక్కలేశాం. ట్యాబు కొని ఉంటే అది కూడా బీరువాలోకి వెళ్లేదే కదా అన్నాడు పొడుగోడు. వెళ్లినా పరీక్షలయ్యాక వచ్చేది కదా, ఆప్షన్ల నాటికి చేతిలో ఉండేది కదా అన్నాడు పాటలోడు. రెండూ నిజమే. మూడోది ఇంకా నిజం: ఆ రోజు మిగిలిన డబ్బులో పరోటాలు తినకుండా వాడికి కళ్లద్దాలు చేయించి ఉండొచ్చు. చీటీ పెట్టెలోనే ఉంది. మా నలుగురిలో ఒక్కడికి కూడా ఆ ఆలోచన రాలేదు. వాడికి కూడా.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి డిగ్రీ హాస్టల్ కూడా ఖాళీ చేయించారు. నలుగురికీ ఒకే ఫోను, నాలుగు ఊళ్లు. ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక ఆ బుల్లి ఫోను ఒక్క గంటకే వేడెక్కి ఆగిపోయేది. ఇళ్లలో మేకలు, చెవి కమ్మలు అమ్మి ఎవరికి వాళ్లు ఒకటి కొనుక్కోవాల్సి వచ్చింది. ఇది మన హాస్టల్లో అందరికీ తెలిసిన కథే, మళ్లీ రాయడం ఎందుకు. చిన్నోడు కొన్న ఫోను అందరికంటే పెద్దది. అదే వారం కళ్లద్దాలు కూడా చేయించుకున్నాడు.

వాడు బీఎస్సీ మంచి మార్కులతో పాసయ్యాడు. పీజీకి వెళ్లలేదు, చెల్లెలి చదువు ఉందన్నాడు. ఇప్పుడు మార్కాపురంలో ఒక నెట్ సెంటరులో పని చేస్తున్నాడు. కౌన్సెలింగ్ రోజుల్లో అక్కడికి వెళ్లి చూడాలి. ఎదురుగా పిల్లవాడు, వాడి పక్కన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్న వాళ్ల నాన్న. పెద్ద తెరని వాళ్ల వైపు తిప్పి, ఒక్కో ఆప్షనూ పైకి చదివి, సేవ్ నొక్కుతాడు. బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లి లెక్కపెడతాడు. మళ్లీ బయటికొచ్చి ఇంకోసారి. ఓనరు విసుక్కుంటాడట, ఒక్కొక్కరికి ఇంతసేపా అని. మన హాస్టల్ పిల్లలని తెలిస్తే ఓనరు లేనప్పుడు డబ్బు కూడా తీసుకోడు. ఈ సంగతి ఇక్కడ రాసినందుకు మమ్మల్ని తిడతాడు.

కిందటి వార్షికోత్సవానికి నలుగురం వచ్చాం. 6వ నంబరు గదిలో కొత్త తమ్ముళ్లు ఉన్నారు. లెక్కలోడు పెట్టెలోంచి అన్న ఇచ్చిన ఈ-63 తెచ్చాడు. బ్యాటరీ కాస్త ఉబ్బింది గానీ వెలిగింది. తమ్ముళ్లు చేతులు మార్చుకుని బటన్లు నొక్కి చూశారు. ఒకడు తెర మీద వేలుతో గీకి, కదలడం లేదేంటన్నా అన్నాడు. చిన్నోడు దాన్ని తీసుకుని స్పేస్ బటన్ నొక్కి పట్టుకున్నాడు. లైటు వెలిగింది. పగలే కాబట్టి పెద్దగా తెలియలేదు, గోడ మీద చిన్న తెల్ల మచ్చ.

"మీ ఫోను ఎన్ని అంగుళాలు రా?" అని ఆ తమ్ముణ్ణి అడిగాడు.

"6.6 అన్నా."

"జేబులో పడుతుందా?"

తమ్ముడు లేచి నిలబడి జేబులో పెట్టుకుని చూపించాడు. కొంచెం పైకి కనిపిస్తోంది. రిటైరైన మా పాత వార్డెన్ గారు అప్పుడే గుమ్మం దగ్గరికి వచ్చారు. అలవాటు కొద్దీ మేము నలుగురం లేచి, చిన్నోడి చేతిలో ఉన్న ఈ-63ని ముగ్గురం అడ్డు నిలబడి దాచేశాం. సార్ కళ్లద్దాలు సర్దుకుని, "ఆ ట్యాబు తొమ్మిదో గది వాళ్లది కదూ, మీ దగ్గరేముండేదిరా అప్పుడు?" అని అడిగారు.

ఎవరం చెప్పలేదు. కింద నుంచి భోజనాలకి గంట కొట్టారు.